అందరింటి పిడికెడు

పదకొండింటికి పిలుస్తామన్నారు గానీ దీనమ్మ పదిన్నరకే వచ్చి పౌరసరఫరాల ఆఫీసు వరండా బల్ల మీద కూర్చుంది. ఇరవై తొమ్మిదేళ్ళు అంగన్‌వాడీలో ఆయాగా చేసిన మనిషి. పిల్లలకంటే ముందే వెళ్ళి పొయ్యి వెలిగించిన కాళ్ళు కదా, ఎక్కడికైనా ముందే తీసుకుపోతాయి. పక్కన ఆటో కుమారస్వామి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పెళ్ళిచూపులకొచ్చిన పెళ్ళికొడుకులా బిగుసుకుని ఉన్నాడు. ఎదురుగా గోడవార, మూతికి తాడు బిగించి లక్క సీలు వేసిన బస్తా. అది దీనమ్మ బస్తాయే. కాదులే, ఆవిడ అధ్యక్షురాలిగా ఉన్న వాళ్ళ పేట చర్చి స్త్రీల సమాజానిది. నిజం చెప్పుకోవాలంటే అదీ కాదు, అది ఎవరిదీ కాదు, అందరిదీను. ఆ సంగతి తేల్చడానికే ఇవాళ అమలాపురం రమ్మన్నారు. నలభై రెండు కిలోల బియ్యం, కోటా బియ్యాన్ని దారి మళ్ళిస్తున్నారని అల్లవరం రోడ్డు మీద ఆటో ఆపి పట్టుకున్నారు. ఆటోని ఆ సాయంత్రమే వదిలేసి బస్తాని మాత్రం ఉంచేసుకున్నారు. పద్దెనిమిది రోజులయింది. లోపల ముక్కుపురుగు పట్టి ఉంటుందా అని దీనమ్మకి కుతూహలం. పట్టే ఉంటుంది, వానాకాలం బియ్యం కదా. పురుగుకి సీలూ లేదు, కేసూ లేదు, పిలిచేదాకా కూర్చోవడమూ లేదు.

బస్తాని అలా చూస్తూ ఉంటే అందులోకి చేయి పెట్టాలనిపించింది. బియ్యం కనపడితే చేయి పెట్టడం చిన్నప్పటి జబ్బు. అమ్మ చేత ఎన్ని మొట్టికాయలు తిందో! ఆ అమ్మే నేర్పింది, బియ్యం కడగబోయే ముందు గిన్నెలోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న ముంతలో వెయ్యడం. అమ్మకి వాళ్ళమ్మ నేర్పింది, ఆవిడకి మిషను దొరసానమ్మగారు నేర్పేరట. కూలికెళ్ళి గింజలు తెచ్చుకునే రోజుల్లో, ఇంట్లో ఉన్నదే నాలుగు గిద్దెలయితే అందులోంచి పిడికెడు తియ్యమన్నప్పుడు ఆ ఆడవాళ్ళు ఏమనుకున్నారో, తిట్టుకున్నారో నవ్వుకున్నారో, అది మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఇప్పుడు పేటలో యాభై ఇళ్ళుంటే యాభైకీ ముంతలే. మాస్టార్లున్నారు, నర్సులున్నారు, కువైట్ డబ్బుతో మేడలేసుకున్న వాళ్ళున్నారు, అయినా ముంత ముంతే. శనివారం నాడు ఇద్దరు ఇద్దరుగా తిరిగి సమాజం వాళ్ళు అన్నిటినీ ఒకే డబ్బాలో వంపుతారు. ఎవరు ఎంత వేశారో చూడకూడదు, అది కట్టుబాటు. దీనమ్మ చూసింది. చూడటమేమిటి, ఒకసారి అంగన్‌వాడీ త్రాసు మీద తూచింది కూడా: తన పిడికెడు ముప్పై ఎనిమిది గ్రాములు, ఎలీసమ్మది ఇరవై రెండు. ఎలీసమ్మ చేయి చూస్తే చేటంత ఉంటుంది, పిడికిలి మాత్రం దేవుడిచ్చిన కొలతకి కుదించుకుపోయింది. ఈ సంగతి పాస్టరుగారికి కూడా చెప్పలేదు, చెబితే తూచిన పాపం ముందు తన మెడకే చుట్టుకుంటుంది కదా.

"మంచినీళ్ళు తాగుతారా పిన్నిగారూ?" అన్నాడు కుమారస్వామి. "వద్దు బాబూ, మళ్ళీ లేవాలి, ఈలోగా పిలిచేస్తే?" అంది. "ఆయ్" అని మళ్ళీ బిగుసుకున్నాడు. పాపం, ఆయనది చర్చి కాదు, గుడి. ప్రతినెలా ఆ బస్తాని ఆటోలో వేసుకుని, దారిలో, పేట చివర రేషను కార్డు లేని కాంతం ఇంటి దగ్గర ఆవిడ వాటా దింపి, మిగిలింది అమలాపురం వృద్ధాశ్రమంలో ఇచ్చి వస్తాడు, కిరాయి అడిగితే చెవులు మూసుకుంటాడు. ఈసారి కాంతం ఇంటి మలుపు రాకముందే ఆపేశారు. ఆపినాయన గింజలు అరచేతిలో పోసుకుని, ఇవి కోటా బియ్యం కదా అన్నాడు. పేటలో సగం ఇళ్ళు కోటా బియ్యమే వండుకుంటుంటే పిడికెడు ఇంకేం బియ్యం అవుతుంది? కార్డున్న ఇంట్లోనే వండుకోవాలి, గడప దాటకూడదు అన్నాడు. అప్పటినుంచీ దీనమ్మకి ఒకటే ఆలోచన. గడప దాటకూడదా? వండాక? గిన్నెలో అన్నంగా పట్టుకెళ్ళి కాంతానికిస్తే? కలిపి ముద్ద చేసి నోట్లో పెడితే? గింజ ఎక్కడిదాకా సర్కారుది, ఎక్కడినుంచి మనిషిది? అసలు దారి మళ్ళించేవాళ్ళు లేరా అంటే ఉన్నారు, లారీలకి లారీలు ఏ మిల్లుకో పోయి పాలిష్ పట్టుకుని సన్నబియ్యమై తిరిగొస్తాయని అందరూ చెప్పుకుంటారు. ఆ దొంగల కోసం కట్టిన దడిలో తమ ముంత ఇరుక్కుంది. ఆయన్ని మాత్రం ఎలా తప్పుపట్టడం, బస్తాకి ముఖం ఉంటుందా ఏమిటి.

గోడ మీద, బస్తాకి సరిగ్గా పైన, వెలిసిపోయిన పోస్టరు. ఆహార భద్రత చట్టం. కింద పళ్ళెంలో అన్నం తింటున్న కుటుంబం బొమ్మ, ఎండకి వాళ్ళ ముఖాలు పోయాయి గానీ పళ్ళెం మాత్రం బాగానే ఉంది. అర్హులైన ప్రతి ఒక్కరికీ నెలకు ఐదు కిలోలు. దీనమ్మ ఆ ఐదు అంకెని చాలాసేపు చూసింది. ఎవరు తేల్చారు ఐదని? ఢిల్లీలో ఒక గదిలో కూర్చుని తేల్చి ఉంటారు, ఆ గదిలో ఎవరైనా వంట వచ్చిన ఆడమనిషి ఉందా? ఎవరి కడుపు కొలిచారు? కొబ్బరి దింపు తీసేవాడి కడుపా, ఫ్యాను కింద కూర్చునేవాడి కడుపా? ఐదు కిలోలంటే రోజుకి నూట అరవై ఆరు గ్రాములు, తన పిడికిలితో నాలుగు పిడికెళ్ళ పైచిలుకు, ఎలీసమ్మ పిడికిలితో ఏడున్నర. అంగన్‌వాడీలో ఉండగానే ఈ చట్టం వచ్చింది. అదివరకు పథకం అనేవాళ్ళు, ఒకరోజు సూపర్‌వైజరుగారు వచ్చి ఇకనుంచి ఇది హక్కు అని చెప్పి వెళ్ళేరు. ఆ మధ్యాహ్నం దీనమ్మ గరిటె పట్టుకుని పిల్లల వరసలో నిలబడి చూసింది, ఏమైనా మారిందా అని. గరిటె అదే, పప్పు అదే, జాషువా గాడి ముక్కు కారడం అదే. కానీ ఒకటి మారింది, తరవాత తెలిసింది: గుడ్లు రాని వారం ఒక తల్లి వచ్చి "మా వాడి గుడ్డేదండీ?" అని అడిగింది. ఇదివరకు "గుడ్లు వచ్చేయా అండీ?" అనేవాళ్ళు. మా వాడి గుడ్డు! దీనమ్మకి ఆ రోజు కోపమూ వచ్చింది, ముచ్చటా వేసింది, ఏది ముందు వచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

కాంతం అలా అడిగే మనిషి కాదు. పదకొండేళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో పద్దెనిమిది మందికి వండి పెట్టింది. మోకాళ్ళు అరిగిపోయి, షుగరుతో తిరిగొచ్చేసరికి తమ్ముడు పోయాడు, తమ్ముడి కార్డులో ఉన్న ఆవిడ పేరూ పోయింది. వేలిముద్ర వెయ్యమన్నప్పుడు మనిషి ఊళ్ళో లేదని తీసేశారట. పద్దెనిమిది మందికి వండిన చేతికి తన గిన్నెలోకి గింజ లేదు. మొదటి నెల బియ్యం పట్టుకెళ్ళినప్పుడు గుమ్మంలోనే నిలబెట్టి, "ఎవరింటివండీ అక్కయ్యగారూ?" అంది. "అందరింటివీనమ్మా." "ఎవరివీ అని చెప్పలేరు కదా?" "చెప్పలేను." "అయితే పొయ్యండి" అని చేట పట్టింది. అదీ ఆవిడ పద్ధతి. ఒక ఇంటి అన్నం ఆవిడ గొంతు దిగదు. రేపు ఆ ఇంటి మనిషి ఎదురైతే తల దించుకోవాలి కదా. పిడికెళ్ళన్నీ కలిస్తే ఇచ్చినవాడు ఉండడు, పుచ్చుకున్నవాళ్ళే ఉంటారు. బస్తా పట్టుబడ్డాక సమాజం ఆడవాళ్ళు భయపడి ముంతలు బోర్లించేశారు. ఎలీసమ్మ అయితే ముంతలో చింతపండు పోసుకుంది. దీనమ్మ క్యారేజీ పంపితే కాంతం కడిగి తిప్పి పంపింది, "తిన్నానండీ" అంటూ. ఆ పూట ఆవిడ పెరట్లోకి పక్కింటి కోళ్ళన్నీ ఎందుకు పరిగెత్తాయో కోళ్ళకే తెలియాలి. పోయిన ఆదివారం పాటకి లేచి నిలబడబోయి కాంతం బెంచీ పట్టుకుని కూలబడింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్న సామెత దీనమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఇవాళ అధికారిగారి ముందు అది నోరు జారకుండా చూసుకోవాలి. ఈ బస్తా వెనక్కి రాకపోతే ముంతలు మళ్ళీ లేవవు, ముంతలు లేవకపోతే కాంతం తినదు. అంతే సంగతి.

అయితే బస్తా కంటే ఎక్కువగా దీనమ్మని తొలుస్తున్నది చేతిసంచిలో ఉంది. కాగితం. కాంతం మూడు నెలల కిందట సోమవారం అర్జీల్లో ఒకటి పెట్టింది, దీనమ్మే రాసిపెట్టింది, నాకు కార్డు లేదు తిండికి ఇబ్బందిగా ఉంది అని. దానికి జవాబు వచ్చింది. గ్రామంలో విచారించగా సదరు వ్యక్తికి ఆహారము సక్రమముగా అందుచున్నట్లు తెలిసినది, కావున అర్జీ పరిష్కరించడమైనది. సంచిలోంచి తీసి మళ్ళీ చదివింది, బహుశా ఇరవయ్యోసారి. విచారించగా తెలిసినది. ఎవర్ని విచారించగా? ఎవరో ఒకరు చెప్పి ఉండాలి కదా, తెలియడం దానంతటదే తెలియదు. ఎవరా మహానుభావుడు? పాపారావు మాస్టారా? ఆయనకి కాంతం ఇల్లెక్కడో తెలీదు. ఎలీసమ్మా? ఎలీసమ్మే అయి ఉంటుంది, ఇరవై రెండు గ్రాముల మనిషి ఎంతకైనా తగును. అని అనుకుని, వెంటనే, ఛ, నిన్న ఆ ఎలీసమ్మే కదా కాంతానికి బీపీ మాత్రలు తెచ్చి తలుపు కింద నుంచి తోసింది అని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. మరి డీలరా? ఒక కార్డు పెరిగితే ఆయనకి పోయేదేముంది? కాంతం చెల్లెలు బేబియా? పరువు కోసం మా అక్కకేం లోటు అని ఉంటుందా? పరువు. ఆ మాట దగ్గర దీనమ్మ మనసు ఎందుకో ఆగింది, చెప్పులో ముల్లు తగిలినట్టు.

విచారణకి వచ్చేది ఎవరు? సచివాలయం అమ్మాయి జాయ్. ట్యాబు పట్టుకుని స్కూటీ మీద వస్తుంది, కొబ్బరాకుల నీడల్లో బండి ఆపుకుని మాట్లాడుతుంది. చక్కటి పిల్ల, చిన్నప్పుడు దీనమ్మ చేతి ఉప్మా తిన్న పిల్ల. ఎప్పుడొచ్చింది ఆఖరిసారి? మహిళా ప్రార్థన రోజున. పులిహోర కలుపుతోంది దీనమ్మ, చర్చి వెనక, మోచేతిదాకా పసుపు. చుట్టూ ఊరినించీ పొరుగూరినించీ వచ్చిన ఆడవాళ్ళు. వేరుశనగ గుళ్ళు తక్కువయ్యాయని ఎవరో అంటున్నారు. స్టాండేసిన స్కూటీ చప్పుడు. జాయ్ చెమట తుడుచుకుంటూ, "పెద్దమ్మగారూ, కాంతం ఆంటీ తినడానికేమైనా ఇబ్బంది పడుతున్నారాండీ?" అంది. గట్టిగా అంది. అందరూ విన్నారు. పొరుగూరి సమాజం అధ్యక్షురాలు చేతిలో కరివేపాకు రెమ్మ పట్టుకుని ఆగి మరీ విన్నది. అప్పుడు దీనమ్మ గరిటె ఎత్తి... గరిటె ఎత్తి ఏమంది?

వరండాలో ఫ్యాను తిరుగుతోంది గానీ దీనమ్మకి వీపంతా చెమట పట్టింది. ఏమందో అక్షరం పొల్లుపోకుండా వినపడింది, తన గొంతే, తన గర్వమే, "మా పేటలో తిండికి ఇబ్బందేంటే పిల్లా! మా స్త్రీల సమాజం ఉండగా పస్తుండే వాళ్ళెవరే? కాంతానికి నెల నెలా మేం ఇవ్వట్లేదూ? రాసుకో అలాగని." అందరూ నవ్వారు. జాయ్ కూడా నవ్వింది. రాసుకుంది. గుమ్మడికాయల దొంగ కోసం ఊరంతా వెతికిన దీనమ్మ ఇప్పుడు తన భుజాలు తడుముకుంది, బూడిద అక్కడే ఉంది. అబద్ధం కూడా చెప్పలేదు, అదే చిత్రం. ఇచ్చేరు, నిజం; తింది, నిజం. ఆ నిజాన్నే తీసుకెళ్ళి కాంతం అర్జీ మీద రాయిలా పెట్టారు. చేత్తో పెట్టింది నోటితో తీసేసింది తను. ఎనభై ఏళ్ళుగా ఆ సమాజం మినిట్స్ పుస్తకంలో ఏటేటా రాసుకునే వాక్యం ఒకటుంది, దేవుని కృప వలన మన పేటలో ఆకలి లేదు అని. అది చదువుతుంటే అందరూ ఆమెన్ అంటారు. ఆకలి ఉంటే మాత్రం ఎవరు రాస్తారు, రాస్తే పేట పరువేం కాను? ఎంతమంది కాంతాలు ఆ వాక్యం కింద పడి ఉంటారో, ఎవరు విప్పి చూడాలి? సిగ్గుతో పాటు, చెప్పుకోకూడదు గానీ, ఒక రకం తేలికా కలిగింది. ఇన్నాళ్ళూ వెతుకుతున్న మనిషి దొరికినందుకు.

"దీనమ్మగారెవరండీ?" అని అటెండరు రామ్మూర్తి పిలిచాడు. పన్నెండు కావస్తోంది.

అధికారిగారు చిన్న వయసు మనిషి, కళ్ళద్దాలు, బల్ల మీద సగం తిని మూత పెట్టిన ఇడ్లీ డబ్బా. బస్తా లోపలికి వచ్చింది, సీలు తెంచారు. ముక్కుపురుగులు నాలుగు తీరిగ్గా బయటికి నడిచాయి. "ఇందులో కోటా బియ్యం ఉన్నాయా లేవా?" అందావిడ. "ఉన్నాయండీ" అంది దీనమ్మ. కుమారస్వామి కళ్ళు మూసుకున్నాడు. "ఒక పళ్ళెం ఇప్పించండి, ఇంకేం ఉన్నాయో కూడా చెబుతాను." రామ్మూర్తి టీ కప్పుల పళ్ళెం తుడిచి తెచ్చాడు. దీనమ్మ బస్తాలోకి మోచేతిదాకా చేయి పెట్టి (పద్దెనిమిది రోజుల కోరిక) పిడికెడు తీసి పళ్ళెంలో పరిచింది. "ఇవి కోటా బియ్యమేనండీ, ఎలీసమ్మగారివై ఉంటాయి, బలం కోసమని మీరు కలిపే గింజలు ఉంటాయి చూశారూ, ఆవిడ అవి ప్లాస్టిక్ అనుకుని ఏరి పారేస్తుందండి. ఇవి మావి, ఆ గింజలున్నాయి. నేను గ్లాసులో నానబెట్టి చూశానండి, మెత్తబడ్డాయి, ప్లాస్టిక్ ఎందుకు మెత్తబడుతుంది? ఇవి సన్నబియ్యం, పాపారావు మాస్టారింటివి. ఇవి దంపుడువి, ఎవరో డాక్టరు చెబితే తింటున్నారు. ఈ మెంతిగింజ భూలక్ష్మిది. ఆవిడ చర్చికి రాదండీ, కానీ ముంత పెట్టింది, దోసెలకి నానబోసుకునేటప్పుడు కూడా పిడికెడు తీస్తుంది." అధికారిగారు ముందుకి వంగి, వేలితో గింజల్ని అటూ ఇటూ జరిపింది. ఇంకో పిడికెడు తీయమంది, ఇంకోటి తీయమంది. మిల్లుకి పోయే బస్తా ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు కాబోలు, ఒక ఊరంతా ఒకే బస్తాలో ఉండటం మాత్రం చూసినట్టు లేదు. "అన్ని ఇళ్ళా!" అంది, కళ్ళద్దాలు తీసి.

తరవాత పనులు చకచకా జరిగాయి. ఇది అమ్మకపు బియ్యం కాదని రాయించింది, బస్తా ఇచ్చెయ్యమంది. బస్తా ఎవరెవరికి పోతుందో అడిగి గుమాస్తా ఒక కాగితం టైపు చేసి చదివాడు: సదరు బియ్యమును వృద్ధాశ్రమమునకును, కాంతం అను ఆమెకును ప్రతినెలా ఉచితముగా అందజేయుచున్నాము, ఆమెకు ఆహారమునకు కొరత లేదు. ఇక్కడ సంతకం పెట్టండి. కుమారస్వామి అప్పుడే బస్తా మూతి ముడి వేస్తున్నాడు. పెన్ను దీనమ్మ చేతిలో ఉంది, బస్తా రెండడుగుల దూరంలో ఉంది. ఒక్క సంతకం. ముంతలు లేస్తాయి, కాంతం ఈ సాయంత్రమే చేట పడుతుంది. ఆ కాగితం వెళ్ళి ఆ అర్జీ పక్కన చేరుతుంది, ఇంకో రాయి. ముంత ఆగిపోయిన నెల? తను పోయాక? అందరింటి బియ్యమే కావాలంది కాంతం. ఈ దేశం కూడా అందరిల్లే కదా, అక్కడి పిడికెడుకి తను అడ్డం నిలబడింది.

"కొరత లేదు అన్న ముక్క కొట్టెయ్యండి" అంది.

"బస్తా ఇచ్చేస్తున్నాం కదండీ?"

సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద, గింజల పళ్ళెం పక్కన పెట్టింది. "మేం పెడుతున్నామండీ, నిజమే. మేం పెట్టడం వేరండి, ఆవిడకి రావలసింది వేరు. ఇది చూడండి."

అధికారిగారు చదివింది. "అది వేరే ఫైలండీ" అంది మెల్లగా.

"ఫైళ్ళు రెండేనండి. మనిషి ఒకటే."

అధికారిగారు ఆ కాగితాన్ని రెండోసారి చదివి, వేలు ఒక చోట ఆపి, "విచారించగా తెలిసినది అని ఉంది. ఎవరు చెప్పారు విచారణలో?" అంది.

"నేనేనండి" అంది దీనమ్మ.

కుమారస్వామి ముడి వేస్తున్నవాడు చేయి ఆపి తలెత్తి చూశాడు. దీనమ్మ అటు చూడలేదు. "ఆకలుందంటే మా పేటకి తలవంపులండి. అందుకని లేదన్నాను" అంది. అధికారిగారు ఒక తెల్లకాగితం ముందుకి జరిపింది. మా పేటలో కాంతం అనే ఆమెకు తిండి లేదు, అని రాయడానికి దీనమ్మకి చాలాసేపు పట్టింది, ఆ చేతికి ఆ మాట రాసి అలవాటు లేదు మరి. రాసింది. కింద తన పేరు పెట్టింది. పేరు కింద, ఎవరూ అడగకపోయినా, స్త్రీల సమాజం అధ్యక్షురాలు అని కూడా రాసింది.